మాది వాత శరీరమండీ!

మన తెలుగువాళ్ళలో ప్రతి ఒక్కరికీ తన ఒంటితత్వం ఏమిటో పుట్టుకతోనే తెలిసి ఉంటుంది. ఎవరూ పరీక్ష చెయ్యనక్కర్లేదు, ఏ డాక్టరూ చీటీ రాసివ్వనక్కర్లేదు. "నాది వేడి శరీరమండీ, మామిడిపండు ముట్టుకుంటే చాలు సెగ్గడ్డలు" అంటారొకరు. "నాకు పెరుగు పడదు, నెమ్ము చేస్తుంది" అంటారింకొకరు. "బంగాళాదుంప, శనగపిండి నాకు వాతం" అంటూ బజ్జీల పళ్ళెం పక్కకు జరిపి, కాసేపటికి మళ్ళీ దగ్గరకు లాక్కునేవారు మన ప్రతి సమావేశంలోనూ ఉంటారు. విమానమెక్కి అరేబియా సముద్రం దాటి మస్కట్‌లో దిగినా ఈ ఒంటితత్వాన్ని మాత్రం ఎవరమూ హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో వదిలిపెట్టి రాలేదు. ఆవకాయ జాడీతోపాటు అదీ సామాన్లలో వచ్చేసింది.

దీన్ని ఎగతాళి చెయ్యాలని కాదు. మేమూ ఆ మాటల మధ్య పెరిగినవాళ్ళమే. జ్వరం వస్తే లంఖణాలు చేశాం, ఎండాకాలంలో సబ్జా గింజల నీళ్ళు తాగాం, దగ్గు వస్తే మిరియాల కషాయం కళ్ళు మూసుకొని మింగాం. ఒకరికి పడినది మరొకరికి పడదన్న సంగతి అనుభవం మీద తెలిసినదే. అయితే ఈ ఒంటితత్వపు మాటల్లో ఒకటి మాత్రం కొంతకాలంగా మమ్మల్ని కలవరపెడుతోంది. "మాది వాత శరీరమండీ, సన్నటి ఒళ్ళు, మాకు షుగరు రాదు" అన్నదే ఆ మాట. రువీలోనో గుబ్రాలోనో నలుగురు తెలుగువాళ్ళు కూడిన చోట ఇది వినబడకుండా ఉండదు. ఇందులో నిజమెంతో, దీన్ని నమ్ముకోవడం వల్ల జరిగే నష్టమెంతో పాఠక మిత్రులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. మేము వైద్యులం కాము. చదివినదీ, చుట్టుపక్కల చూసినదీ చెబుతున్నాం, అంతే.

ఒంటితత్వం మీద ఇంత పట్టింపు మన ఒక్కరికే అనుకునేవాళ్ళం గాని, కాదట. సోహార్‌లో కొరియా ఇంజనీర్లతో కలిసి కొన్నేళ్ళు పనిచేసిన మిత్రులొకరు ఆ మధ్య మా ఇంటికి భోజనానికి వచ్చి ఒక వింత సంగతి చెప్పారు. అక్కడ ఒక కొరియా ఆయన ఎంత ఎండలోనైనా ఐసు నీళ్ళు ముట్టేవాడు కాదట. కారణమడిగితే, "నాది సొఉమ్ శరీరం, చల్లటివి పడవు" అన్నాడట. అచ్చం మన మేనత్త మాట్లాడినట్టే ఉంది గదా!

ఆ కబురుతో ఆసక్తి కలిగి కొంత చదివాం. యీ జేమా అనే కొరియా వైద్యుడు 1894లో "దోంగుయి సుసే బోవన్" అనే గ్రంథం రాశాడు. 1900లో ఆయన కాలం చేశాడు. ఆయన పెట్టిన పద్ధతికి ససాంగ్ వైద్యమని పేరు. మనుషులు నాలుగు రకాలంటాడాయన: తేయాంగ్, తేఉమ్, సొయాంగ్, సొఉమ్. మన వాత పిత్త కఫాల వంటివే, కాకపోతే అక్కడ లెక్క అవయవాల బలాబలాల మీద నడుస్తుంది. తేఉమ్ మనిషికి కాలేయం బలమైనది, ఊపిరితిత్తులు బలహీనం. తేయాంగ్ మనిషికి సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది, ఆ రకంవారు బహు అరుదు. సొయాంగ్ మనిషికి జీర్ణశక్తి ఎక్కువ, మూత్రపిండాల బలం తక్కువ. సొఉమ్ మనిషి సన్నగా ఉంటాడు, తిన్నది అరగదు, చలి ఓర్చుకోలేడు. ఒకే జబ్బుకైనా నలుగురికీ నాలుగు మందులు ఇవ్వాలన్నది ఆయన సిద్ధాంతం. కొరియాలో ఈ వైద్యాన్ని నేటికీ కళాశాలల్లో బోధిస్తున్నారు.

ఇక మన విషయానికి వస్తే, తేఉమ్ రకంవారు దిట్టమైన ఒళ్ళు, పెద్ద నడుము, మంచి ఆకలి ఉన్నవారు. ఈ శతాబ్దంలో కొరియా పరిశోధకులు వేల మందిని ఈ నాలుగు రకాలుగా విడదీసి, వాళ్ళ రక్తంలో చక్కెర చూశారు. తేఉమ్ వారిలో మధుమేహం తక్కినవారి కంటే ఎక్కువగా కనబడింది. లావు ఉన్నవారిలో షుగరు ఎక్కువగా ఉండటంలో వింతేమీ లేదు. అయితే బరువు ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసి చూసినా కొంత తేడా మిగిలిందని వాటిలో కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అంటే ఒంటితత్వమన్న పాత మాటలో, బరువుతో మాత్రమే దొరకని ఏదో ఒక సూచన ఉండవచ్చునన్నమాట.

ఈ సంగతి మా మిత్రుడికి చెప్పగానే ఆయన హాయిగా నవ్వి, "ఇంకేం, తేఉమ్ అంటే మన కఫ శరీరమే. సన్నటివాళ్ళం బతికిపోయాం!" అన్నారు. చిక్కంతా ఇక్కడే ఉంది. గోదావరికి వరదొస్తే లంక గ్రామాలకు ముప్పెక్కువ. అంత మాత్రాన గట్టు మీది ఊళ్ళవాళ్ళు నీటి మట్టం చూసుకోకుండా నిద్రపోతారా? ఆ కొరియా అధ్యయనాల్లోనే సొఉమ్, సొయాంగ్ వారిలోనూ మధుమేహం ఉన్నవారు ఉన్నారు, తక్కువ మంది, అంతే.

మనం ఉంటున్న ఈ ఒమాన్ దేశానికి కూడా ఇటువంటి విద్య కొత్తది కాదు. సెలవు రోజున పిల్లలతో కోట చూడటానికి, వేడినీటి బుగ్గలో కాళ్ళు పెట్టుకోవడానికి మనమంతా వెళ్ళే రుస్తాఖ్‌లో, 16వ శతాబ్దంలో రాషిద్ బిన్ ఉమైరా అనే గొప్ప వైద్యుడుండేవాడు. "ఫాకిహత్ ఇబ్న్ అల్ సబీల్" ఆయన వైద్య గ్రంథం. గ్రీకుల నుంచి అరబ్బులకు వచ్చిన నాలుగు ధాతువుల లెక్క, అనగా రక్తం, కఫం, పసుపు పైత్యం, నల్ల పైత్యం, ఆ వైద్యానికి పునాది. ఆ లెక్కే యునానీగా హైదరాబాదు చేరింది. చార్మినార్ పక్కనున్న నిజామియా ఆసుపత్రిలో హకీములు నాడి పట్టుకొని "మీ మిజాజ్ బల్గమీ" అంటే కఫ స్వభావమని అర్థం. ఇలా మనకు మూడు, కొరియాకు నాలుగు, అరబ్బులకు నాలుగు. మనుషులందరినీ ఒకే గాటన కట్టకూడదని ఇన్ని దేశాల పెద్దలకు వేరువేరుగా తోచిందంటే, ఆ చూపును గౌరవించవలసిందే.

మరి మన పెద్దలు అసలేమన్నారు? "మాది వాత శరీరం, షుగరు రాదు" అని చరకుడు చెప్పాడా? వెతికితే దొరికిన జవాబు మమ్మల్నే ఆశ్చర్యపరచింది. చరక సంహితలో ప్రమేహాలు 20. వాటిలో కఫం వల్ల వచ్చేవి 10, పిత్తం వల్ల 6, వాతం వల్ల 4. ఆ చివరి నాలుగింటిలోనిదే మధుమేహం! అనగా మనం నేడు చక్కెర వ్యాధికి వాడుకుంటున్న ఆ పేరే, చరకుడి పట్టికలో వాతం కింద ఉంది. పైగా నాలుగు వాత ప్రమేహాలూ కుదరనివని, కఫం వల్ల వచ్చినవే సులువుగా కుదురుతాయని కూడా ఆయన అన్నాడు. ఒక మాట ఒప్పుకోవాలి. జబ్బులో చెడిన దోషం వేరు, మనిషి పుట్టుకతో తెచ్చుకున్న ప్రకృతి వేరు. ఈ రెండూ ఒకటేనని శాస్త్రం తెలిసినవారు అనరు. అయినా వాతమన్న మాటను చక్కెర వ్యాధికి అడ్డుగోడగా నిలబెట్టడానికి మాత్రం ఆ గ్రంథంలో ఆధారం లేదు.

అంతే కాదు. ప్రమేహ రోగులు రెండు రకాలని చరకుడే చెప్పాడు: లావుగా బలంగా ఉన్నవాడొకడు, చిక్కి బలహీనంగా ఉన్నవాడొకడు. మొదటివాడికి శోధన చేసి ఒళ్ళు తగ్గించమన్నాడు, రెండోవాడికి పుష్టినిచ్చే ఆహారం పెట్టమన్నాడు. సుశ్రుతుడు కూడా రెండుగానే విడదీశాడు. పుట్టుకతో వచ్చినది ఒకటి, అపథ్యం వల్ల వచ్చినది ఇంకొకటి. మొదటి రకంవాడు సన్నగా, పొడిగా, తిండి తక్కువగా, దాహం ఎక్కువగా, ఒకచోట నిలవకుండా తిరిగేవాడుగా ఉంటాడట. రెండో రకంవాడికి తిండి, పడక, కూర్చోవడం ప్రీతి. తల్లిదండ్రులలో ఈ జబ్బుంటే అది బీజంలోంచి వస్తుందనీ చరకుడు రాశాడు. ఒంటితత్వం పేరు చెప్పి ధీమాగా ఉండేవారు ఈ బీజం మాట మాత్రం ఎక్కడా ఎత్తరు. ఇంట్లో నాన్నగారికో అమ్మకో షుగరు ఉండగా "నాది వాత శరీరం" అనుకోవడం ఏం ధైర్యమో మాకు అర్థం కాదు.

ఈ కాలపు శాస్త్రం ఏమంటుందో చూద్దాం. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక చిత్రమైన ఫోటో అచ్చయింది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఎత్తుకు తగిన బరువును చూపే అంకె ఇద్దరికీ ఒక్కటే, 22.3. కాని శరీరంలో కొవ్వు కొలిస్తే యుడ్కిన్ గారికి 9.1 శాతం, యాజ్ఞిక్ గారికి 21.2 శాతం! పైకి చూడటానికి ఇద్దరూ సన్నటివారే. మన భారతీయుల ఒళ్ళు ఇలా మోసం చేస్తుందని చెప్పడానికి అంతకంటే తేలిక మార్గం లేదు.

దీని మర్మం ఇదీ. మనం తిన్న అన్నం రక్తంలో చక్కెరగా మారుతుంది. ఇన్సులిన్ పిలుపు మీద ఆ చక్కెరను ఎక్కువగా లోపలికి తీసుకొని దాచుకునేవి కండరాలు. కండరమంటే గాదె అనుకోండి. మనలో చాలామందికి చేతులూ కాళ్ళూ సన్నం, కండ తక్కువ, అనగా గాదె చిన్నది. కొవ్వేమో చర్మం కింద కనబడకుండా పొట్టలో, కాలేయం చుట్టూ చేరి ఇన్సులిన్ పిలుపును మందగింపజేస్తుంది. ఆ లోటు తీర్చడానికి క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తూ పోతుంది, ఒక రోజున అలసిపోతుంది. భారతీయుల్లో ఆ అలసట తొందరగా వస్తుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు మనిషి చొక్కా కొలత మారదు. బెల్టు మాత్రం ఒక కన్నం ముందుకు జరుగుతుంది.

ప్రకృతి లెక్కను కొట్టిపారెయ్యకుండా శ్రద్ధగా పరీక్షించినవారూ ఉన్నారు, అదీ మన హైదరాబాదులోనే. తార్నాక దగ్గరి సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, ఇతర సంస్థలవారితో కలిసి, 3,416 మందిని పరిశీలించి, వాత, పిత్త, కఫ ప్రకృతులు స్పష్టంగా ఉన్న 262 మంది మగవారిని ఎంచుకొని వాళ్ళ జన్యువులు చూశారు. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మూడు రకాలవారి మధ్య 52 చోట్ల జన్యువుల్లో తేడాలు కనబడ్డాయి. పీజీఎం1 అనే జన్యువుకు పిత్త లక్షణాలతో సంబంధం ఉన్నట్టు తేలింది. అంటే అమ్మమ్మల మాట గాలి కబురు కాదేమోనన్న ఆశకు చోటుంది. కాని ఫలానా ప్రకృతివారికి చక్కెర వ్యాధి రాదని ఆ పరిశోధన ఎక్కడా చెప్పలేదు.

ఇంకొక చిత్రం. 2020లో డాక్టర్ అంజన, డాక్టర్ వి. మోహన్ తదితరులు మన దేశంలోని 19,084 మంది మధుమేహ రోగుల వివరాలు తీసి, వాళ్ళు నాలుగు గుంపులుగా విడిపోతారని చూపారు. యీ జేమాకు కూడా నాలుగే! ఆ నాలుగింటిలో ఒక గుంపువారికి అంత లావుండదు, ఇన్సులిన్ బాగా తక్కువ, కళ్ళకు ముప్పు ఎక్కువ. కాబట్టి మనిషిని బట్టి మందు అన్న పాత సూత్రం వైపే కొత్త వైద్యం కూడా నడుస్తోంది. కాకపోతే ఏ గుంపో రక్తం చూసి చెప్పవలసిందే. అద్దంలో చూసుకొని ఎవరికి వారు చెప్పుకునేది కాదు.

ఇంతవరకు పుస్తకాల సంగతి. ఇప్పుడు మన మధ్య జరిగినది ఒకటి చెబుతాం. మా స్నేహితుల కుటుంబమొకటి ఇక్కడే ఉంది. వాళ్ళ అనుమతి తీసుకొనే రాస్తున్నాం, పేర్లు మాత్రం రాయం. ఆవిడ కొంచెం భారీ మనిషి. ఆయన వెదురుకర్ర. పదేళ్ళపాటు ప్రతి విందులోనూ జరిగిన తంతు ఒక్కటే. "వదినా, మీరు తీపి తగ్గించాలి సుమండీ" అని ఆవిడకు పది మంది సలహాలు. "అన్నయ్యగారికి ఇంకో రెండు గులాబ్ జామ్‌లు వెయ్యండమ్మా, బొత్తిగా ఎండిపోయారు" అని ఆయనకు మర్యాదలు. ఆ సలహాలకు విసిగి ఆవిడ ఏటేటా రక్తం చూపించుకునేది, ప్రతిసారీ బాగానే ఉండేది. ఆయన నలభై రెండేళ్ళు వచ్చేదాకా ఒక్కసారీ చూపించుకోలేదు. అవసరమేముంది, వాత శరీరం!

చివరకు బయటపడింది కళ్ళజోడు దగ్గర. చూపు మసకగా ఉందని అద్దాలు మార్పించుకోవడానికి వెళితే, కంటి డాక్టరు లోపల నెత్తుటి చుక్కలు చూసి, ముందు చక్కెర పరీక్ష చేయించుకు రమ్మన్నారు. పరగడుపున 240 ఉంది. కంటిలో ఆ మార్పులు రావాలంటే జబ్బు మొదలై ఏళ్ళు గడిచి ఉండాలట. అప్పుడు ఆయన వెనక్కి తిరిగి ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నారు. దాహం? మస్కట్ ఎండలో దాహం వెయ్యదా అనుకున్నారు. రాత్రి రెండుమూడుసార్లు లేవడం? అన్ని నీళ్ళు తాగితే లేవరా మరి. ఏడాదిలో ఐదు కిలోలు తగ్గడం? సన్నటి ఒంటికి అది మామూలేగా. అరికాళ్ళలో తిమ్మిర్లు, మంటలు? అది వాతం. అందుకోసం రాజమండ్రి నుంచి వాళ్ళమ్మగారు వావిలాకు వేసి కాచిన నూనె పంపితే, రోజూ రాత్రి శ్రద్ధగా మర్దనా చేసుకున్నారు.

ఆ నాలుగు గుర్తులనూ మళ్ళీ ఒకసారి చదవండి. దాహం, అతిమూత్రం, చిక్కిపోవడం, తిమ్మిర్లు: వైద్య పుస్తకంలో మధుమేహ లక్షణాలు ఇవే. మన భాషలో ప్రతిదానికీ ఒక ఒంటితత్వపు పేరు సిద్ధంగా ఉంది. వేడి చేసింది, ఎండ దెబ్బ, పీల శరీరం, వాతం. జబ్బు తలుపు తట్టిన ప్రతిసారీ మనమే దానికి ఇంకొక పేరు పెట్టి లోపల కూర్చోబెడుతున్నాం. ఈ దేశపు ఎండ అందుకు ఇంకా తోడవుతుంది. కాకినాడలో ఉండి సీసాల కొద్దీ నీళ్ళు తాగితే ఇంట్లో ఎవరైనా ఆరా తీస్తారు. ఇక్కడ మే, జూన్ నెలల్లో ఎవరూ అడగరు.

ఆయన ఇప్పుడు కులాసాగానే ఉన్నారు. కంటికి లేజరు చికిత్స జరిగింది, ఇన్సులిన్ తీసుకుంటున్నారు. చూపు నిలిచింది గాని, రాత్రిపూట కారు నడపడం మానేశారు. విందుల్లో ఆవిడే ఇప్పుడు ఆయనను దిగబెడుతోంది.

మరొకవైపు కూడా చెప్పాలి. కఫ శరీరమని ముద్ర పడినవారికి ఇంకో రకం నష్టం. "మీ తత్వానికి ఇంగ్లీషు మందులు పడవు" అని ఎవరో అనగానే, వేసుకుంటున్న మాత్రలు ఒక్కసారిగా మానేసి కషాయాలకు దిగినవారిని మేమెరుగుదుము. ఒకరు నెల తిరక్కుండా ఆసుపత్రి పాలయ్యారు. మెంతులు, కాకరకాయ, నేరేడు గింజల పొడి తీసుకోవద్దని మేమనము. తీసుకుంటున్నట్టు డాక్టరుకు చెప్పండి, మాత్రలు మాత్రం వారిని అడగకుండా మానకండి. చదువుకున్న ఆయుర్వేద వైద్యులు కూడా ఈ మాటే చెబుతారు.

ఒంటితత్వం కంటే మనం బతికే తీరు ఎంత బలమైనదో తెలియడానికి మారిషస్ మంచి ఉదాహరణ. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి మన తెలుగువాళ్ళు కూడా వెళ్ళి స్థిరపడిన దీవి అది. 1987లో అక్కడ జరిపిన సర్వేలో భారత సంతతివారిలోనే కాక క్రియోలుల్లో, చైనావారిలో కూడా మధుమేహం ఎక్కువగానే బయటపడింది. వేరువేరు ఖండాల నుంచి వచ్చిన, వేరువేరు ఒళ్ళున్న మనుషులు ఒకే దీవిలో ఒకే తీరు బతుకు బతికేసరికి జబ్బు అందరినీ పలకరించింది.

మన బతుకు ఇక్కడ ఎలా ఉందో వేరే చెప్పాలా? చల్లటి ఇంట్లోంచి చల్లటి కారులోకి, చల్లటి కారులోంచి చల్లటి ఆఫీసులోకి. పక్క వీధిలో దుకాణానికి కూడా కారే, హారన్ కొడితే కరక్ చాయ్ కారు దగ్గరికే వస్తుంది. సాయంత్రం స్నేహితుల ఇంట ఒమానీ హల్వా, ఖర్జూరాలు. వారాంతం శుక్ర, శనివారాలూ విందులే. చరకుడు ప్రమేహానికి చెప్పిన కారణాలు చూస్తే నవ్వు వస్తుంది: సుఖాసనం, సుఖనిద్ర, పెరుగు, పాలు, కొత్త బియ్యం, బెల్లపు వంటకాలు. మా శుక్రవారం దినచర్య ఆయనకు ఎవరు చెప్పారో!

మనకు ఆశ్రయమిచ్చిన దేశానికీ ఈ బాధ తప్పలేదు. 2000 సంవత్సరపు సర్వేలో ఒమానీ పెద్దవారిలో 11.6 శాతానికి మధుమేహం ఉన్నట్టు తేలింది, 2017 నాటి జాతీయ సర్వేలో అది 15.7 శాతం. ప్రభుత్వం 2019లో సోడా పానీయాల మీద, 2020లో తక్కిన తీపి పానీయాల మీద కూడా 50 శాతం పన్ను వేసింది. ఇక స్వదేశంలో, 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం పది కోట్లమందికి పైగా మధుమేహ రోగులున్నారు. ఇంటి దగ్గరా అదే, ఇక్కడా అదే.

అయితే భయపడి కూర్చోనక్కర్లేదు. మద్రాసులో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం, చక్కెర హద్దు దగ్గరకు వచ్చినా ఇంకా దాటని 531 మందిని తీసుకొని మూడేళ్ళపాటు గమనించింది. వారంతా మనవంటివారే, మరీ లావువారు కారు. ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలుగా వదిలేసినవారిలో 55 శాతానికి మధుమేహం వచ్చింది. నడక, తిండి మార్చుకున్నవారిలో 39 శాతానికి మాత్రమే వచ్చింది. మాత్ర ఇస్తే వచ్చిన ఫలితమూ దాదాపు అంతే. సుశ్రుతుడేమో బీద రోగిని చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నూరు యోజనాలు నడవమన్నాడు. మస్కట్ ఎండలో అది మనవల్ల కాదు గాని, ఖురుమ్ సముద్రపుటొడ్డున తెల్లవారుజామున అరగంట నడవడానికి ఏ ఒంటితత్వమూ అడ్డురాదు. సన్నటివారు నడకతోపాటు కండ పెంచే వ్యాయామం కూడా చెయ్యాలి, పప్పు, గుడ్డు, చేప కొంచెం పెంచి అన్నం కొంచెం తగ్గించాలి. గాదె పెద్దదైతేనే గదా ధాన్యం పట్టేది.

పరీక్ష సంగతి. మనకు వీసా కోసం చేసే వైద్య పరీక్ష ప్రధానంగా అంటురోగాల కోసం. అందులో నెగ్గామంటే ఆరోగ్యవంతులమని సర్టిఫికెట్ దొరికినట్టు కాదు. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ, లావైనా సన్నమైనా, పరగడుపున రక్తం చూపించుకోవాలి. 100 లోపు ఉంటే మంచిది, 100 నుంచి 125 వరకు హెచ్చరిక, 126 లేదా అంతకు మించి రెండుసార్లు వస్తే మధుమేహమే. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 హద్దు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. బరువు చూసే యంత్రం చెప్పని నిజం కుట్టుపని డబ్బాలోని టేపు చెబుతుంది.

మన సంఘానికి ఒక మనవితో ముగిస్తాం. వచ్చే ఉగాది సమావేశంలో, పచ్చడి పంచే బల్ల పక్కన ఇంకొక చిన్న బల్ల వేద్దాం. దాని మీద ఒక టేపు, రక్తంలో చక్కెర చూసే చిన్న యంత్రం, పేర్లు రాసుకోవడానికి ఒక పుస్తకం. మన సభ్యుల్లో డాక్టర్లకు కొదవలేదు, వంతులవారీగా ఇద్దరు కూర్చుంటే చాలు. ఎంత తినివచ్చినా పరవాలేదు, అనుమానం ఉన్నవారిని మర్నాడు పరగడుపు పరీక్షకు పంపవచ్చు. ఆ బల్లనే ఇంకో శుక్రవారం కార్మికుల క్యాంపుకు తీసుకుపోదాం. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్ళు అక్కడ ఎండలో పనిచేస్తున్నారు. వాళ్ళలో చాలామంది సన్నటివాళ్ళే, దాహం వేసినా తిమ్మిరెక్కినా పని వల్లేననుకునేవాళ్ళే. వాళ్ళకు కళ్ళజోడు మార్పించుకునే తీరిక కూడా ఉండదు.

బల్ల దగ్గర వరుసలో మొదట ఎవరు నిలబడాలో కూడా మేము నిర్ణయించేశాం. లావుగా ఉన్నవారికి ఇప్పటికే చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు తీరిగ్గా రావచ్చు. "మాది వాత శరీరమండీ" అనేవారు ముందుగా రావాలి.